టెంటు కింద చప్పట్లు

మూడేళ్ళ కిందట పామర్రులో గది తీసుకుని ఒంటరిగా ఉంటూ ఉద్యోగం చేసేవాణ్ణి. విజయవాడలో సంగీతోత్సవం ఉందని తెలిసి, తోడెవరూ దొరక్క ఒక్కణ్ణే బస్సెక్కాను. ఇయర్‌ఫోన్లలో నాకు ప్రాణమైన బ్లూస్, అమెరికా నల్లవాళ్ళ దిగులు పాటలు, వింటున్నాను.

కంకిపాడులో బస్సు టైరు పంక్చరైంది. కిందికి దిగేసరికి పక్క సందులోంచి క్లారినెట్ వినిపించింది. ఇయర్‌ఫోన్లు తీసేశాను. గుండెను పిండే అదే దిగులు, మన సన్నాయి వరసలో! టెంటు కింద ఎర్ర యూనిఫాంలో పెళ్ళి బ్యాండువాళ్ళు నలుగురు వాయిస్తున్నారు. పెళ్ళికూతురి అప్పగింతలేమో అనుకుని, జనం వెనక నిలబడి విన్నాను. పాట ఆగగానే ఒళ్ళు మరిచి గట్టిగా చప్పట్లు కొట్టాను.

అందరూ నా వైపు తిరిగారు. అప్పుడు కనిపించింది, వాళ్ళ ముందు ఫ్రీజర్ పెట్టెలో శవం. చప్పట్లు కొట్టిన చేతులు వెనక్కి దాచుకున్నాను.

"క్షమించండి, చూసుకోలేదండి" అన్నాను.

క్లారినెట్ వాయించిన మస్తాన్ అనే పెద్దాయన లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని, పెట్టె వైపు చూపించాడు. "తప్పేం లేదు బాబూ. ఈయన మా బ్యాండు మాస్టారు. ఇప్పుడు వాయించింది ఈయన కట్టిన ట్యూనే. ముప్పయ్యేళ్ళు పెళ్ళిళ్ళలో వాయించారండి. జనం డాన్సులేశారు గానీ, ఒక్కళ్ళూ చప్పట్లు కొట్టలా. మళ్ళీ వాయిస్తాం, కొడతారా?"

కొట్టాను. ఆ టెంటు కింద నేనొక్కణ్ణే. బస్సెప్పుడు వెళ్ళిపోయిందో తెలియదు.

ఇప్పటికీ మా వీధిలో పెళ్ళి ఊరేగింపు వెళ్తుంటే గుమ్మంలోకొచ్చి చప్పట్లు కొడతాను. బ్యాండువాళ్ళు ఎవరికోసమా అని వెనక్కి తిరిగి చూస్తారు.