ఏటి ఇసుకలో బైఠాయింపు

నాగావళిలో ఇసుక తవ్వడానికి వచ్చిన వంద లారీలను ఒంటిచేత్తో వెనక్కి పంపినవాణ్ణి నేను. శ్రీకూర్మం బస్సులో ఈ మాట చెబితే పక్కనున్నాయన లేచి సీటిచ్చాడు.

మా ఊరి కుళాయిలకు నీళ్లు ఏటి మధ్యనున్న బావుల నుంచి వస్తాయి. అవి లేని కాలంలో మా అమ్మా, అత్తలూ ఇసుకలో చేత్తో చెలమ తీసి, ఊరిన నీటిని కొబ్బరిచిప్పతో బిందెలోకి తోడేవారు. తర్వాత సర్కారు అదే చెలమకు సిమెంటు వరలు దించి, మోటారు బిగించి, మంచినీటి పథకం అంది. కిటుకంతా ఇసుకదే. అదుంటే ఏరు ఎండినా అడుగున నీరుంటుంది.

రెండువేల పది దాటాక ఊళ్లో అపార్టుమెంట్లు లేచాయి, ఇసుకకు గిరాకీ పెరిగింది. ఓ వేసవిలో మా వీధి కుళాయి దగ్గడమే గానీ చుక్క రాల్చలేదు. నీళ్లాఫీసులో అడిగితే వానల్లేవన్నారు. ఏటికెళ్లి చూస్తే బావి వరలు సగం బయటపడి ఉన్నాయి. ట్రాక్టర్లు వాటి మొదలుదాకా తవ్వుకుపోతున్నాయి.

మర్నాడు మా ఆవిడా, వీధి ఆడవాళ్లూ బిందెలతో ఏటికి బయల్దేరితే వాళ్లతో వెళ్లి, బండి దారిలో చతికిలబడ్డాను.

"తాతా, లెగు. బండెల్లాల," అన్నాడు డ్రైవరు.

"లెగను. ఈ ఇసకా ఎత్తుకుపోతే మేం ఏటి తాగాల?"

"నాకేటి తెలుసు? ఆఫీసోల్నడుగు."

"ఈ బావి ఎండితే మీ ఇంటి కుళాయీ ఎండిపోద్దిరా."

"మా ఇంటికి కుళాయెక్కడిది తాతా?"

అయినా లేవలేదు.

సరే, వంద లారీలు కావు, మూడు ట్రాక్టర్లు. నేను లేవకపోవడానికి సగం కారణం మోకాళ్లు పట్టేయడం. కానీ మోకాళ్లు బాగున్నా లేచేవాణ్ణి కాదు. ఆ ఇసుక ఎవడబ్బ సొత్తూ కాదు, ఊరు తాగే నీళ్లు. ట్రాక్టర్లు తిరిగిపోయాయి, కుళాయి మళ్లీ పారింది. రేపు వాళ్లొస్తే రేపూ కూర్చుంటాను.

ఇదంతా రాసి, చదివి వినిపిస్తే, చింతపండు పిక్కలు తీస్తున్న మా ఆవిడ తలెత్తకుండా అంది:

"నువ్వు కూకున్నదెంతసేపు మావా? ఆ డ్రైవరోడే నిన్ను రెక్కట్టుకు లేపి గట్టుమీద ఒగ్గీసినాడు. బండికడ్డంగా కూకున్నది మేము. వానలు పడీదాకా దినామూ ఎల్లి కూకున్నాం. నువ్వు ఇంటికాడ తొంగున్నావు. అది రాయి."