రైలుకి బాబాయి చెప్పిన మర్యాద

ఆ రోజుల్లో (మరీ పాతకాలమేం కాదు, సెల్‌ఫోన్లు వచ్చేశాకే) మా అంబాజీపేట వైపు బస్సంటే ఇంట్లో మనిషి లెక్క. "మా అమ్మాయి జడేసుకుంటందండి, ఒక్క నిమిషం" అంటే డ్రైవరు ఇంజనాపి మరీ కూర్చునేవాడు. మా కోనసీమలో రైలు లేదు. అంచేత రైలు ఎవరి కోసమూ ఆగదన్న సంగతి మావాళ్ళకి తెలీదు.

హైదరాబాదులో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఒరిజినల్ సర్టిఫికెట్లతో చేరకపోతే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తామన్నారు. బాబాయి, పిన్ని రాజమండ్రి వచ్చేరు నన్ను రైలెక్కించడానికి. నేనైతే ఎక్కేను. సర్టిఫికెట్ల సంచీ మాత్రం పిన్ని చంకలో ఉంది. పిన్నేమో స్టేషను బయట నా జడలోకి మల్లెపూలు బేరమాడుతోంది! "కంగారేం లేదు, మెల్లగా రా" అని చెప్పొచ్చింది మా బాబాయే.

రైలు బయలుదేరుతోందని మైకులో చెప్పేరు. గుమ్మంలో నిలబడి నేను ఏడుపు లంకించుకున్నాను. మాది చివరి పెట్టె. దాని పక్కనే నిలబడ్డ గార్డు గారి దగ్గరకి బాబాయి తాపీగా వెళ్ళి నమస్కారం పెట్టేడు.

"భోంచేసేరాండి?"

ఆయన తెల్లబోయేరు.

"మా ఆవిడ పూలు కొంటందండి. ఒక్క నిమిషం ఆపండి."

"ఇదేమన్నా బస్సనుకున్నారా అండీ?"

"అయ్యో, ఆమాత్రం తెలీదేంటండి! బస్సయితే అయిదు నిమిషాలు ఆపమందును."

గార్డు గారికి తిట్టాలో నవ్వాలో తెలీలేదు. మా అదృష్టం, ముందు సిగ్నలు పడలేదుట, రైలు కదల్లేదు. ఇంతలో పిన్ని రొప్పుకుంటూ వచ్చి ముందు పూలందించింది. "పూలు కాదు పిన్నీ, సంచీ!" అని అరిచేను. సంచీ చేతిలో పడ్డాకే రైలు కదిలింది. "మావైపొస్తే భోజనానికి రావాలండి!" అని బాబాయి రైలుతోపాటు నడుస్తున్నాడు. గార్డు గారు జెండా ఊపుతూ, "ఆయ్, వస్తానండి" అన్నారు నవ్వుతూ.

ఆ ఉద్యోగమే నన్ను ఇంతదాన్ని చేసింది. ఇప్పుడు క్యాబు ఒక్క నిమిషం ఆలస్యమైతే డ్రైవరు మీద ఇంతెత్తున లేస్తున్నాను కూడాను!

మొన్న బాబాయి ఫోన్ చేసేడు. "గోదాట్లో రైలు వంతెనకి స్తంభాలు లేచేయమ్మా! ఇంక మన ఊరి దగ్గరే ఎక్కొచ్చు. పిన్ని పూలు తెచ్చేదాకా ఆపమని గార్డు గారితో నే చెప్తాలే."

ఆ రోజు రైలాగింది సిగ్నలు పడకేనని ఇప్పటికైనా చెప్పేద్దామనుకున్నాను. కానీ "ఆయ్, అలాగే బాబాయ్" అనేశాను. ఫోన్ పెట్టేసి, మెడదాకా కత్తిరించేసుకున్న జుట్టు ఓసారి తడుముకున్నాను. ఫర్వాలేదు, రైలొచ్చేలోగా జడకొచ్చేస్తుంది.