మేత తగ్గించిన ఎలుకలు

మా అవ్వ, అంటే మా నాయన తల్లి, ఇంట్లో ఇంకెవరి చేతి తిండీ తినదు. మతిమరుపు వస్తూ వస్తూ అనుమానాన్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. అమ్మ వడ్డిస్తే కంచం పక్కకు నెడుతుంది. నేను కలిపిన సంగటి ముద్ద మాత్రం మారు మాట్లాడకుండా తింటుంది. అందుకే అనంతపురంలో హాస్టలు ఖాళీ చేసి, రోజూ ఉరవకొండ నుంచి బస్సులో పోయి వస్తున్నాను. మాది నీచు ముట్టని ఇల్లు, శెనక్కాయల వ్యాపారం. ఇంతమందిలో నా చెయ్యే శుభ్రమైనదని ఆమెకు తోచడం చూస్తే, నవ్వాలో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఎందుకంటే పరిశోధన విద్యార్థిగా నేను చేసేది ఎలుకల మెదడులో కణాలు లెక్కపెట్టే పని. కరువు సీమలో ఉన్న ల్యాబు కాబట్టి మా సారుకు కరువు మీదే ధ్యాస. చూలు ఎలుకకు మేత తగ్గిస్తే, పుట్టే పిల్లల మెదడులో కణాలు ఏ మేరకు తగ్గుతాయి? ఇదీ ఆయన ప్రశ్న. పిల్లలు పెరిగాక వాటికి మత్తిచ్చి, చంపి, మెదడు తీసి మందులో నిలవ చేస్తాం. తర్వాత దాన్ని గాజు గొట్టంలో వేసి గాజు రోకలితో మెత్తగా నూరాలి. కణాల పొరలు కరిగిపోయి లోపలి గింజలు, అంటే కణానికొక కేంద్రకం, మిగులుతాయి. వాటికి మెరిసే రంగు పట్టించి, ఒక్క చుక్క తీసి, గళ్లు గీసిన గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో లెక్కపెడతాను. గడి పైగీత మీద, ఎడమగీత మీద పడినవి లెక్కలోకి వస్తాయి. కింది గీతవి, కుడి గీతవి రావు. ఆ నియమం లేకపోతే ఒకే గింజ రెండు గళ్లలోనూ లెక్కకొస్తుంది. చుక్కలో ఎన్నున్నాయో తెలిస్తే మెదడు మొత్తానికి గుణించుకోవచ్చు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూడమూ, అలాగే. నాకు ఈ పనంటే ఇష్టం. ఆ ఇష్టమే ఇంట్లో నన్ను ఎక్కువ సిగ్గుపెడుతుంది.

నాయన బంధువులందరికీ నాది కంప్యూటరు పని అని చెప్పాడు. నన్ను మాత్రం పక్కకు పిలిచి గట్టిగానే చెప్పాడు. "అవ్వకు తెలిసిందంటే నీ చేతి ముద్ద కూడా ముట్టదు. ఇంగ ఆమె బతికేది కష్టం. నోరు మూసుకోనుండు."

మూసుకునే ఉన్నాను, పోయిన నెల దాకా. ఆ రోజు శెనక్కాయల గదిలో పెట్టిన బోనులో ఎలుక పడింది. మా ఇంట్లో ఎలుకను చంపరు. దానికింత బెల్లం పెట్టి, ఊరి బయట చేలల్లో వదిలిరావాలి, అది అవ్వ పెట్టిన కట్టడి. అయితే బోను తలుపులో దాని తోక ఇరుక్కుంది. నాయన కర్ర కోసం వెతుకుతుంటే నేను ఆలోచించకుండా చెయ్యి లోపలికి పెట్టాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెడ మీది చర్మం పట్టి, తోకను చిటికెనవేలి కింద నొక్కిపెట్టి బయటికి తీశాను. ల్యాబులో సూది వేసే ముందు ఎలా పడతామో అచ్చం అలాగే. ఎలుక కిక్కురుమనలేదు. తల ఎత్తి చూస్తే, మంచం మీద కూర్చున్న అవ్వ నా చేతినే చూస్తోంది.

"ఏమ్మే, యాడ నేర్చినావు ఇట్ల పట్టుకునేది?"

సాయంత్రానికి ఎలాగూ మర్చిపోతుంది అనుకున్నాను. అబద్ధం మోసి మోసి విసుగు కూడా వచ్చి ఉంది.

"ల్యాబులో అవ్వా. ఆడ ఎలకల్ని సాకుతాం. సంపి, మెదడు తీసి చూస్తాం."

నాయన ముఖం నల్లబడింది. అవ్వ మాత్రం అరవలేదు, చెవులు మూసుకోలేదు.

"సాకుతాండారా? తిండి బాగ పెడతాండారా?"

ఇన్ని ప్రశ్నలుండగా అదే ఎందుకు అడగాలి! "కొన్నిటికి పెడతాం. కొన్ని సూలు ఎలకలకు తక్కువ పెడతాం."

"ఏం, గింజలు లేవా ఆడ?"

"ఉండాయవ్వా. కావాలనే తక్కువ పెడతాం."

"సంపితే సంపినారు. సూలుదాన్ని మాడబెడతారామే? మీ నాయన కడుపులో ఉన్న్యప్పుడు కరువు. నాకు గంజి గూడా దొరకలే."

ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎన్నడూ అడగలేదు. మా సారు ప్రశ్నకు జవాబు మా ఇంట్లోనే, చేతిలో కర్ర పట్టుకుని, నేల చూపులు చూస్తూ నిలబడి ఉంది. ఎలుకను చేలో వదిలి వచ్చేదాకా నేను నాయన కళ్లలోకి చూడలేకపోయాను.

ఆ రాత్రి అవ్వ నా చేతి ముద్ద ఎప్పటిలాగే తినేసింది. గండం గడిచిందనుకుని సంబరపడ్డాను కూడా. పొద్దున ముద్ద ముందు పెడితే నా పేరు తప్పి మా అత్త పేరుతో పిలిచింది. అంటే అన్నీ మర్చిపోయిందన్నమాటే అనుకున్నాను. ఇంతలో ఆమె ముద్దను సగానికి తుంచింది. ఒక సగం తిని, రెండోది నా వైపు తోసింది.

"ఇది నీ సూలు ఎలకలకు తీస్కపో."

అప్పటి నుంచి రోజూ ఇదే వరస. మామూలుగానే ఒక్క ముద్ద తినే మనిషి ఇప్పుడు సగమే తింటోంది. మెడ కింద ఎముకలు తేలాయి. ఎలుకలకు మేత పెంచేశారని చెప్పాను, ఇప్పుడవి బలిశాయని చెప్పాను. "మంచిది" అంటుంది, మళ్లీ తుంచుతుంది. బతిమాలితే ఆ సగం కూడా మానేస్తుంది.

ల్యాబులో ఎలుకలకు తూచిన మేత తప్ప ఇంకేదీ పెట్టకూడదు. ఆ ముద్దను పారేయడానికి చేతులు రావు. అందుకని బస్సు ఊరు దాటాక పొట్లం విప్పి, ముఖం కిటికీ వైపు తిప్పుకుని నేనే తినేస్తాను. సాయంత్రం గడపలో అడుగు పెట్టీపెట్టగానే మంచం మీద నుంచి అవ్వ అడుగుతుంది.

"తిన్న్యాయామే?"

"కడుపు నిండా తిన్న్యాయవ్వా" అంటాను.