హనుమాండ్లు పంచిన ఎలుకలు

నాచారం పారిశ్రామికవాడలో చిన్న మందుల పరిశోధనశాల ఒకటి ఉంది. దాని వెనక షెడ్డులో ఎలుకలుంటాయి. వాటికి హనుమాండ్లు ఉన్నాడు. ఇరవై రెండేళ్లుగా మేత, నీళ్లు, కింద పరిచే రంపపు పొట్టు, సూదులు అన్నీ అతనే చూసుకుంటాడు. పొద్దున్నే ఉప్పల్ నుంచి సైకిల్ మీద వచ్చి, టిఫిన్ గిన్నె మేకుకు తగిలించి, ముందు ఎలుకలను పలకరిస్తాడు. తనను ఏనాడూ అంతగా పలకరించలేదని భార్య రుక్కమ్మ ఫిర్యాదు. అది నిజమే.

అక్కడే పనిచేసే కావ్య మూడేళ్లు కష్టపడి కీళ్లవాపుకు ఒక మందు పరీక్షించింది. ఇరవై ఎలుకలకు మందు, ఇరవైకి ఉత్త సెలైన్. మందు పడ్డవి బ్రహ్మాండంగా కోలుకున్నాయి. పత్రికలో అచ్చుకాకముందే వ్యాసాన్ని ఇంటర్నెట్లో పెట్టే పద్ధతి ఉంది, ప్రీప్రింట్ అంటారు. కావ్య పెట్టింది. మనుషులెవరూ చదవలేదు. ఒక కంప్యూటర్ ప్రోగ్రాం చదివింది. దానికి పొగడ్డం రాదు, తిట్టడం రాదు. ఏది రాశారో, ఏది రాయలేదో చూస్తుంది, అంతే. మర్నాటికి వ్యాసం కింద ఒక లైను కనబడింది: ఎలుకలను రెండు గుంపులుగా ఎలా విడదీశారో చెప్పలేదు.

ఒక్క వాక్యం చేరిస్తే తీరిపోయే పని. కావ్య షెడ్డుకొచ్చింది.

"మామా, చిట్టీలు దీసే పంచినవ్ గదా? నీకు జెప్పిన గదా."

అవునంటే అయిపోయేది. ఊరుకుంటే పోయేదానికి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

"లేదు బిడ్డా," అన్నాడు హనుమాండ్లు. "ఆ మందు వడితే రెండు దినాలు మేత ముట్టయి. బక్కయి తట్టుకుంటయా? గందుకే వాటిని సెలైన్ దిక్కు ఏసిన. గట్టియన్ని మందు దిక్కు. ఎప్పుడైనా గంతే జేస్త. పాపం గదా."

కావ్య పొట్టు బస్తా మీద కూలబడింది. బలమైనవి కోలుకున్నాయి, బక్కవి కోలుకోలేదు. దానికి మందెందుకు?

"మూడేండ్లు, మామా."

హనుమాండ్లుకు అప్పుడర్థమైంది. ఎలుకల మీద జాలిపడి ఈ పిల్ల కొంప ముంచాడు.

"చిట్టీలు దీసినమని రాస్కో బిడ్డా. నేనెవ్వలకు జెప్ప."

రాస్తే ప్రోగ్రాం టిక్కు పెట్టి ఊరుకుంటుంది. షెడ్డుకొచ్చి చూడదు. ఆ సంగతి కావ్యకు బాగా తెలుసు. అయినా లేచి వెళ్లి వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది.

నెల తర్వాత కొత్తగా నలభై ఎలుకలొచ్చాయి. స్టీలు డబ్బాలో చిట్టీలు వేసి కావ్య పక్కన నిలబడింది. హనుమాండ్లు ఒక్కో ఎలుకకు ఒక్కో చిట్టీ తీస్తున్నాడు. పదిహేడోది బక్కది, పిడికిట్లో పట్టేంత ఉంది. చిట్టీ విప్పాడు. మందు.

"ఇంకొక్కసారి దియ్యనా బిడ్డా?"

కావ్య ఎలుకను చూసింది, అతన్ని చూసింది.

"వద్దు మామా."

హనుమాండ్లుకు ఏడుపొచ్చింది. దాన్ని రెండు చేతులతో ఎత్తి మందు పంజరంలో పెట్టాడు. దాని ముందు నాలుగు గింజలు ఎక్కువ వేయబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.