బాపు జొన్న, నా జొన్న

నిన్న పటాన్‌చెరు పరిశోధనా క్షేత్రం నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, తాను తయారుచేసిన జొన్న రకం నా పాత రకాన్ని ఓడించిందని ఒకటే కేరింతలు కొట్టింది. ఓడినవాణ్ణి నేనే అయినా కాలు ఒక్కచోట నిలవక ఇల్లంతా తిరిగాను. మా ఇంట్లో ఈ పోటీ ఇవాళ్టిది కాదు మరి.

నేను వ్యవసాయ కాలేజీలో లెక్చరర్‌గా చేరేనాటికి మా నాన్న, మేం బాపు అనేవాళ్ళం, అక్కడే ప్రొఫెసర్. ఇద్దరిదీ జొన్నే. సెమినార్లలో ఆయన నన్ను గుచ్చి గుచ్చి అడిగినన్ని ప్రశ్నలు పగవాణ్ణి కూడా అడిగి ఉండరు. ఆ వేడి ఇంటిదాకా వస్తుంటే విసిగిపోయిన అమ్మ, అన్నం ముందు జొన్న పేరెత్తితే కంచాలు తీసేస్తానంది.

చివరికి మా ఇద్దరి రకాల్లో ఒక్కటే రైతుల పొలాలకు వెళ్తుందన్నారు. బాపుకు రిటైరయ్యే ముందు అదే ఆఖరి రకం, నాకేమో మొదటిది. తీర్పు మాత్రం సంగారెడ్డి దగ్గర ఒక ఊరి ఆడవాళ్ళది. ఎవరి పిండి ఏదో వాళ్ళకు చెప్పరు. పొద్దున్నే రొట్టెలు తట్టి కాల్చి, గుడ్డలో చుట్టి ఉంచి, చేలో తినే వేళకు తీసి మడిచి చూస్తారు, విరిగితే ఓడినట్టే.

బాపు కంకులు బలంగా, నిండుగా ఉండటంతో ఆయన మీసం మెలేస్తూ గట్ల మీద తిరిగారు. మధ్యాహ్నం మూటలు విప్పారు. ఒక పెద్దామె మడవగానే మొదటి రొట్టె పుటుక్కున విరిగింది. రెండోది చీర మడతలా మెత్తగా ఒదిగింది.

"గిదే గావాలె సారూ మాకు!" అందామె.

అది నాది! పెద్దవాళ్ళున్నారని కూడా చూడకుండా ఎగిరి గంతేశాను.

బాపు ముఖం చిన్నబోవడం చూశాక నా గంతులు ఆగాయి. ఆయన మాత్రం గట్టు మీద కూర్చుని నా రొట్టెను ఎల్లిపాయ కారంతో తిన్నారు, ఇంకోటి అడిగి మరీ తిన్నారు, చెయ్యి కడుక్కుంటూ అన్నారు: "గెలిచినవ్ పోరా. ఇగ నిన్ను ఓడగొట్టెటోళ్లను నువ్వే తయారుచెయ్యాలె."

ఆ మాట నిన్న నెరవేరింది. ఆ సంతోషంలోనే, ఈసారి రొట్టెలు ఎవరు మడిచారని మా అమ్మాయిని అడిగాను. ఎవరూ మడవలేదట, మెత్తదనం ఇప్పుడు మిషనే చూసి చెబుతుందట. మంచిదే. కానీ బాపు ఓడిపోయి కూడా రెండు రొట్టెలు తిన్నారు, నాకూ తినాలని ఉంది. ఆదివారం పిండి తెస్తానంది మా అమ్మాయి. రొట్టె తట్టడం మాత్రం ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ రాదు.