వెనక సీటు మీది ముచ్చట

నా దోస్తు పోయింది. మొన్న వానల్ల జ్వరమని దవాఖానల చేరింది, ఇంటికి రాలే. ఒకనాడు పొద్దుగాల వాళ్ల అన్న ఫోన్ చేసి "చెల్లె లేదు" అన్నడు. "యాడికి పోయింది?" అని అడిగిన. నిజంగనే అడిగిన. నా నోట్లెకెళ్లి వచ్చిన మాటల్ల జోకు కానిది అదొక్కటే కావచ్చు.

ఇబ్రహీంపట్నం బస్ డిపో కాడ ఫ్లెక్సీ కట్టిండ్రు. కాలేజీ ఐడీ కార్డు ఫోటో. బతికినన్ని రోజుల్ల ఆమె అంత గంభీరంగ మొఖం పెట్టింది ఆ ఒక్క ఫోటోలనే. కింద "మీ మరణం తీరని లోటు" అని రాసిండ్రు. ఆమె ఉంటే దాని ముందల సెల్ఫీ దిగి, "‘మీ’ అంటున్నరే, పోయినంక జర ఇజ్జత్ పెరిగింది" అని నాకు పంపేది. అందుకని ఇక్కడ పెద్ద పెద్ద మాటలు రాయను. రాస్తే యాడున్నా నవ్వుతది.

మా చుట్టూ పొలాలన్నీ వెంచర్లయినయని అందరు బాధపడతరు. ఆమెకు మాత్రం అండ్ల డ్రైవింగ్ స్కూల్ కనపడ్డది. తారు రోడ్లేసిండ్రు, కరెంటు స్తంభాలు పాతిండ్రు, హద్దురాళ్లకు తెల్లరంగు కొట్టిండ్రు. ఇల్లు మాత్రం ఒక్కటి లేదు. గుద్దుదామన్నా మనిషి దొరకడు. సాయంత్రం డ్యూటీ నుంచి రాంగనే మా గల్లీ ఆడోళ్లను ఒక్కొక్కలను తన పాత స్కూటీ మీద అక్కడికి తోలుకపోయి నేర్పేది.

ఆమెకు బండి మంచిగ వస్తదా అంటే, పోయినోళ్ల మీద అబద్ధం చెప్పొద్దు, రాదు. స్పీడ్ బ్రేకర్ కనపడితే రెండు కాళ్లు కిందికి దించేది. నడుపుడు నాది. సాగర్ రోడ్డు మీద నేను పోతుంటే పోరగాళ్లు తిరిగి చూసేటోళ్లు. ఆమె నేర్పుతుంటే నేను హద్దురాయి మీద కూసొని, పల్లీలు తినుకుంట కామెంటరీ చెప్పేదాన్ని.

"నువ్వు నడిపితే సినిమా లెక్క ఉంటదే," అన్నది ఒకనాడు. "గని సినిమా చూసి ఎవ్వలకన్న బండొస్తదా?"

నేను ఆమె చేతిల పల్లీలు పోసి మాట మార్చిన.

ఆమె నేర్పే తీరే వేరు. వెనక సీటు మీద కూసునేది. సీటు కవరు చినిగితే నల్లదారంతోని కుట్టుకున్నది. బండి కదలంగనే ముచ్చట మొదలు.

"అక్కా, నిన్న ఏం కూర?"

"అయ్యో, బ్రేకేదే?"

"బ్రేకు యాడికి పోదు. కూర చెప్పు."

"పుంటికూర పప్పు."

"పోపుల ఎల్లిపాయ ఏసినవా?"

"ఏయకుంట ఎట్లుంటదే పుంటికూర!" అని ఆ అక్కకు కోపమొచ్చేసరికి బండి సగం వెంచర్ దాటేది.

"నోరు నడుస్తుంటే చేతులు వాటి పని అవి చేసుకుంటయ్," అనేది నాతోని. ఊరందరి కూరలు విన్నది గని, ఆమెకు వచ్చింది ఉప్మా ఒక్కటే. అదీ అడుగంటేది.

దినాలైనంక మా గల్లీల వంట చేసి అమ్మే అక్క నా దగ్గరికొచ్చింది. కొంగరకలాన్ కొత్త ఆఫీసులోళ్లు ఒకటో తారీఖు నుంచి పగటి అన్నం డబ్బాలు తెమ్మన్నరంట. బస్సును నమ్ముకుంటే అన్నం చల్లారుతది. తేకపోతే ఆ బేరం ఇంకొకలకు పోతది.

"తిన్నగ పోవుడు నేర్పింది పిల్లా. మలుపుడు రేపు నేర్పుత అన్నది," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. "తిన్నగ పోతే ఆఫీసులు రావు గదా. నీకు మస్తొస్తది, నువ్వు నేర్పు."

మస్తొస్తది, నడుపుడు.

దోస్తు వాళ్లమ్మను అడిగితే స్కూటీ తాళం ఇచ్చింది. "ఊకె ఉంటే పాడైతది బిడ్డా, తీస్కపో," అన్నది గని, చేతిలకెళ్లి జల్ది ఇడువలే.

మొదటి రోజు వెనక కూసొని చూపు, బరువు, వేగం అని నా డిగ్రీ చదువంతా ఒలకబోసిన. అక్క శ్రద్ధగ ఇని, అంతే శ్రద్ధగ పోయి హద్దురాయికి గుద్దింది. దెబ్బ తాకలే.

"నువ్వు చెప్పినకొద్ది భయమైతుంది. నాతోని కాదు, డబ్బాలొద్దని చెప్త," అని కింద కూలబడ్డది.

ఎప్పుడూ నేను కూసునే రాయే అది. ఇప్పుడొక కామెంటరీ చెప్పాలె. ఆ ఖాళీ రోడ్డు మీద ఇంకో గొంతు కోసం చూసిన. ఆఖరికి నా దోస్తు మాటనే అడిగిన.

"అక్కా... నిన్న ఏం కూర?"

అక్క తలెత్తి చూసింది. ఇద్దరం నవ్వలే. లేచి చీరకంటిన మన్ను దులుపుకొని బండెక్కింది. "చాపల పులుసు," అన్నది. చింతపండు పిసికే కాడికి వచ్చేసరికి మలుపు దాటినం.

ఇప్పుడు ఇంకో ఇద్దరు అడుగుతున్నరు. రమ్మన్న. ఇంటికి పోయినంక ఎవ్వలు యాడ గుద్దిండ్రో దోస్తుకు చెప్దామని ఫోన్ తీస్త. తీసి మళ్ల పెట్టేస్త.

నెలాఖరున, "ఇగ ఒక్కదానివే పోయి రా," అని అక్కతోని చెప్పి నేను దిగిన. పొద్దు గూకుతున్నది. అక్క వెంచర్ అంచు దాకా పోయి మెల్లగ మలిపింది. గాలికి మాటలు నా దాక వస్తున్నయ్. ఉల్లిగడ్డ ఎర్రగ కావాలె, మెంతులు ఏంచి దంచాలె అనుకుంట ఒక్కతే చెప్పుకుంట వస్తున్నది. నా ముందలికెళ్లి పోయేటప్పుడు మాట జర ఆగింది, ఎవరో ఏదో అడిగినట్టు.

"ఆఁ, ఏసిన," అన్నది రోడ్డు మీదికెళ్లి చూపు తిప్పకుంటనే. "ఎల్లిపాయ ఏసిన."

వెనక సీటు మీద నల్లదారం కుట్లు కనపడుకుంట దూరమైనయ్.