అమ్మకు నచ్చిన తన్ను

పత్తి లోడు మీద నుంచి జారిపడి నా వెన్ను దెబ్బతిన్న ఏడాది, మా ఊళ్లో నా కుడికాలికి ఉన్నంత పేరు ఇంకెవరికీ లేదు. నరం పూర్తిగా తెగలేదని, మళ్లీ నిలబడే అవకాశం ఉందని గుంటూరులో డాక్టరు చెప్పాడు. మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టి చూస్తే కాలు ఎగిరి తన్నింది. అమ్మ ముఖం వెలిగిపోయింది.

"అది మీ అబ్బాయి తన్నింది కాదమ్మా. కబురు మెదడు దాకా వెళ్లకుండా వెన్నులో నుంచే తిరిగొచ్చేస్తోంది," అన్నాడాయన. అమ్మ సగం విని, మిగతా సగం తనకు నచ్చినట్టు పూర్తి చేసుకుంది.

ఇంట్లో సుత్తి లేదు కాబట్టి పప్పుగుత్తి తీసింది. మా ఇంటి పక్క మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్లు మధ్యాహ్నం అన్నాలకు లేచినప్పుడల్లా నా మంచం చుట్టూ చేరేవాళ్లు. అమ్మ కొట్టేది, కాలు తన్నేది, వాళ్లు "అబ్బో!" అనేవాళ్లు. నన్ను ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. కాలు నాదే అయినా, చూసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఎవరూ లేనప్పుడు అదే కాలును కదలమని బతిమాలుకునేవాణ్ణి. ఒక్కసారీ నా మాట వినలేదు. నిలబడబోతే మాత్రం బిగుసుకుపోయి, వణికి, నన్ను పడేసేది.

నల్లపాడు నుంచి రోజూ వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి ఒక చిన్న మిషన్ తెచ్చింది. వెన్ను మీద జిగురు బిళ్లలు అంటించి, చర్మం మీదుగా సన్నగా కరెంటు పెట్టేది. చీమలు పాకినట్టుండేది. వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం, బిళ్లలు తీశాక అమ్మ పప్పుగుత్తితో కొడితే కాలు కొంచెం ఉలిక్కిపడి ఊరుకుంది. ఇంకోసారి కొట్టింది. అంతే.

"కల్లంలోవాళ్ల దిష్టే ఇది," అని అమ్మ గుప్పెడు ఎండుమిరపకాయలు నా చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటుకి ఇల్లంతా దగ్గింది. దిష్టి ఉంటే ఘాటు రాకూడదు. కాబట్టి దిష్టి కాదు. ఇక మిగిలింది మిషనే.

"ఉన్న కాస్త కదలికా తీసేశావు గదమ్మా!" అని ఆ అమ్మాయి మీద విరుచుకుపడింది.

"అది తగ్గాలనే పెట్టానండీ. ఆ తన్ను అణిగితేనే కాలు ఆయన మాట వినేది," అని పిల్ల దగ్గుతూనే చెప్పింది.

అమ్మ మిషన్‌ని బీరువాలో పెట్టి తాళం వేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. నలభై ఏళ్లవాణ్ణి, "తాళంచెవి ఇవ్వవే అమ్మా, నేను నిలబడాలే," అని ఏడ్చాను. జాలిపడిందో, భయపడిందో, మర్నాడు తీసిచ్చింది.

ఇంకో పది రోజులకు, కరెంటు తీసేసిన కాసేపటికి, కాలు నెమ్మదించి ఉన్నప్పుడు బొటనవేలిని లేవమన్నాను. గోరంత లేచింది. దిగమన్నాను. దిగింది. కేకేసి అమ్మను పిలిచి, మళ్లీ లేపి చూపించాను.

అమ్మ కళ్లజోడు సవరించుకుని వంగి చూసింది.

"ఇంతేనా?"

"ఇంతేనమ్మా. కానీ ఇది నేనే లేపాను."

అమ్మ గుమ్మంలో నిలబడ్డ కల్లం ఆడవాళ్ల వైపు తిరిగి, తనదే ఏదో తప్పన్నట్టు, "ఇదివరకు బాగా తన్నేవాడమ్మా," అంది.